పడవ నడపడం నేర్చుకుందాం – 4: ఎవరు ఎవరికి తప్పుకోవాలి?

లైఫ్‌జాకెట్ల గురించి, మంటలు ఆర్పే సిలిండర్ల గురించి పోయిన పాఠంలో చూశాం. ఈసారి లైసెన్సు కోసం చదివేవాళ్లకు బాగా టెన్షన్ పెట్టే భాగానికి వద్దాం: ఢీకొనకుండా తప్పుకునే నియమాలు. అమెరికా కోస్ట్ గార్డ్ ఇచ్చే కెప్టెన్ లైసెన్సు పరీక్షలో ఈ భాగంలో పాసవాలంటే 90 శాతం మార్కులు రావాలి. అంత పట్టుపట్టడం న్యాయమే. మీరు ఎటు తిరుగుతారో ఎదుటి పడవవాడు ఈ నియమాలను బట్టే ఊహించుకుంటాడు.

సముద్రం మీద అన్ని దేశాలవాళ్లూ పాటించే నియమావళి 1972లో తయారై, 1977లో అమల్లోకి వచ్చింది. నదులు, సరస్సుల్లో కొన్ని తేడాలుంటాయి కాబట్టి మీరు తిరిగే నీళ్ల నియమాలు విడిగా చదవండి.

ఎవరు తప్పుకోవాలన్నది తర్వాతి మాట. అసలు ఢీకొనే ప్రమాదం ఉందా లేదా అన్నది ముందు తేలాలి. చేతి దిక్సూచి తీసుకుని ఆ పడవ ఎన్ని డిగ్రీల దిక్కున ఉందో చూడండి. 40 అనుకుందాం. కాసేపాగి మళ్లీ చూడండి, మళ్లీ 40. మూడోసారీ 40. పడవ మాత్రం అంతకంతకూ పెద్దదిగా కనిపిస్తోంది. అంటే ఇద్దరూ ఒకే చోటికి వెళ్తున్నారు. అంకె 40 నుంచి 55కి, 70కి పోతుంటే సాధారణంగా భయం లేదు. మరీ పెద్ద ఓడ విషయంలో, మరో పడవను తాడుతో లాక్కెళ్తున్న దాని విషయంలో, బాగా దగ్గరికొచ్చేసిన పడవ విషయంలో మాత్రం అంకె మారుతోంది కదా అని ధీమా పనికిరాదు.

ఇప్పుడు మోటారు పడవల సంగతి. ఎదురెదురుగా వస్తుంటే ఇద్దరూ కుడికే తిరగాలి. వెనక నుంచి దాటేవాడు, ఏ పడవవాడైనా సరే, తనే పక్కకు తప్పుకుని వెళ్లాలి. అడ్డంగా దాటేటప్పుడే తికమకపడతారు: ఎదుటి పడవ మీ కుడివైపు ఉంటే తప్పుకోవాల్సింది మీరు. వీలైనంతవరకు దాని ముందు నుంచి పోకండి, వేగం తగ్గించి వెనక నుంచి వెళ్లండి.

చీకట్లో దీపాలే ఈ సంగతి చెబుతాయి. సాధారణంగా పడవకు ఎడమవైపు ఎరుపు, కుడివైపు ఆకుపచ్చ దీపం ఉంటుంది. మీ కుడివైపు నుంచి మీ దారికి అడ్డంగా వస్తున్న పడవ ఎడమ పక్క మీకు కనిపిస్తుంది, అంటే ఎర్ర దీపం. దారి ఇవ్వాల్సింది మీరు. అదే సమయంలో ఆ పడవవాడికి మీ ఆకుపచ్చ దీపం కనిపిస్తుంటుంది. ఒక కాగితం మీద రెండు పడవలు గీసి, రంగు పెన్సిళ్లతో దీపాలు పెట్టి తిప్పి తిప్పి చూడండి. బట్టీ పట్టినదానికన్నా ఇది బాగా గుర్తుంటుంది.

తప్పుకునేటప్పుడు ముందుగానే, ఎదుటివాడికి స్పష్టంగా తెలిసేలా తిరగండి. రెండు డిగ్రీలు, మళ్లీ రెండు డిగ్రీలు తిప్పుకుంటూ పోతే చీకట్లో ఎవరికీ అర్థం కాదు. హారన్ ఒక చిన్న మోత మోగిస్తే, సముద్ర నియమాల ప్రకారం, కుడికి తిరుగుతున్నానని. రెండైతే ఎడమకి. మూడైతే ఇంజన్ రివర్స్‌లో ఉందని. నీ ఉద్దేశం నాకు అర్థం కావడం లేదని చెప్పాలంటే కనీసం ఐదు, వెంటవెంటనే. ఈ ఐదు మోగించడానికి మొహమాటపడొద్దు.

ఎదుటివాడు మీకు దారివ్వాల్సి ఉన్నప్పుడు దిశ, వేగం మార్చకుండా సాగడం కూడా మీ బాధ్యతే. అవతలివాడు తప్పుకోవడం లేదని తెలిస్తే మీరే తప్పుకోవచ్చు. అతనొక్కడి వల్ల ప్రమాదం తప్పేలా లేదనిపిస్తే తప్పుకుని తీరాలి. అప్పుడు కూడా, ఎడమవైపు నుంచి అడ్డంగా వస్తున్న పడవ కోసం ఎడమకి తిరగకండి. అతను ఆఖరి క్షణంలో మేలుకుని కుడికి తిరిగితే ఇద్దరూ మళ్లీ ఒకే చోటికి చేరతారు.

వచ్చే పాఠంలోపు ఒక పని చేయండి. ఒడ్డున నిలబడి, వచ్చే పోయే పడవల్లో ఏ రెండింటినైనా ఎంచుకుని, ఎవరు ఎవరికి దారివ్వాలో ముందే రాసుకోండి. తర్వాత వాళ్లేం చేశారో చూడండి. పొగమంచులో ఈ నియమాలు మారిపోతాయి, అది ఐదో పాఠంలో.