పొరపాటున గోధుమ కడుపులోకి వెళ్లినప్పుడు

హలీంలో గోధుమలు మాంసంతో పాటు గంటల తరబడి ఉడికి ఆనవాలు లేకుండా కలిసిపోతాయని హైదరాబాదులో సీలియాక్ వ్యాధి (గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) ఉన్నవారికి తెలిసే ఉంటుంది గానీ, సాంబారులో వేసే ఇంగువ సంగతి చాలామందికి తట్టదు. మా వంటింట్లోని ఇంగువ డబ్బాను తిప్పి చూస్తే, చిన్న అక్షరాలలో గోధుమపిండి అని ఉంది.

కడుపులోకి వెళ్లిన గ్లూటెన్‌కు విరుగుడు లేదు, అలాగని బలవంతంగా వాంతి చేసుకోవద్దు. విరేచనాలు అవుతుంటే, కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలకొట్టిన 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలిపి, గుక్కెడు గుక్కెడుగా తాగుతూ ఉండాలి. ఉప్పు మాత్రం కొలత దాటకూడదు, ముఖ్యంగా పిల్లలకు. పేగు లోపలి పొర దెబ్బతిన్నప్పుడు పాలు అరగకపోవచ్చు కాబట్టి, కొన్ని రోజులు వాటిని పక్కన పెట్టి, పల్చని బియ్యపు గంజి, మెత్తని అన్నం, అరటిపండు తీసుకోవడం మంచిది. పొట్ట మెలిపెడుతుంటే గోరువెచ్చని నీళ్ల సంచి కాస్త ఉపశమనం ఇస్తుంది.

మలంలో రక్తం పడినా, నీళ్లు కూడా నిలవకపోయినా, మూత్రం బాగా తగ్గినా వైద్యుణ్ణి కలవండి. పెదవులు వాచి ఊపిరి అందకపోతే అది గోధుమ అలెర్జీ కావచ్చు. ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయండి.