అద్దె అగ్రిమెంటులో హింసించినవాడి పేరు కూడా ఉంటే ఏం చేయాలి

హింసించే భర్తను అద్దె ఇంట్లోంచి పంపించి, మీరు అక్కడే ఉండాలంటే రెండు పనులు జరగాలి. అతను బయటికి వెళ్లడం కోర్టు తేల్చేది. అగ్రిమెంటులో అతని పేరు పోవడం ఓనరుతో తేలేది. మేజిస్ట్రేట్ ఆర్డరు వచ్చినంత మాత్రాన అగ్రిమెంటు దానంతటది మారదు. ముందు కోర్టు, తర్వాతే ఓనరు. ముందే ఓనరుకు చెబితే గొడవెందుకని ఇద్దరినీ ఖాళీ చేయమనవచ్చు, విషయం అదే రోజు అవతలివాడి చెవినా పడవచ్చు.

ప్రాణాపాయం ఉంటే ఇదంతా పక్కన పెట్టి 112కు ఫోన్ చేయండి. మహిళా హెల్ప్‌లైన్ 181. పుట్టింటికో స్నేహితురాలి ఇంటికో వెళ్లిపోయినంత మాత్రాన ఆ ఇంటి మీద హక్కు పోదు. తాత్కాలికంగా తలదాచుకున్న ఊళ్లోని కోర్టులోనూ పిటిషన్ వేయవచ్చు.

2005 నాటి గృహహింస చట్టం సెక్షన్ 12 కింద, ఫారం 2లో పిటిషన్ వేస్తారు. మీరే వేయవచ్చు, రక్షణాధికారి (ఈ చట్టం కింద బాధితురాలికి సాయపడేందుకు ప్రభుత్వం నియమించే అధికారి) ద్వారానూ వేయవచ్చు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తుంది; ఫోన్ 15100. అగ్రిమెంటు ఇద్దరి పేరు మీద ఉన్నా, అతనొక్కడి పేరు మీదే ఉన్నా మీరు కలిసి కాపురం చేసిన ఇల్లు ఈ చట్టం కిందికి వస్తుంది. పెళ్లి కాకుండా దంపతుల్లా కలిసి ఉన్నవారికీ ఇది వర్తిస్తుంది. గది పంచుకున్న పరాయి వ్యక్తి విషయంలో మాత్రం పనికిరాదు.

పిటిషన్‌లో ఏం అడిగారన్నదే అన్నిటికన్నా ముఖ్యం. అడగనిది రాకపోవచ్చు. "రక్షణ కావాలి" అని ఒక్క మాట రాసి వదిలేయకండి. సెక్షన్ 19(1)(బి) కింద అతను ఇల్లు ఖాళీ చేయాలని, (సి) కింద అతనూ అతని బంధువులూ మీరుండే భాగంలోకి రాకూడదని అడగండి. (ఇ) కింద మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా అతను ఇంటి మీద తన హక్కు వదులుకోకూడదని కూడా అడగండి. ఈ చివరిది చాలామంది మరచిపోతారు. అది లేకపోతే అతను "నేను ఖాళీ చేస్తున్నాను" అని ఓనరుకు రాసిచ్చి అడ్వాన్సు తీసుకుపోవచ్చు, మీకు నిలువ నీడ లేకుండా పోతుంది. అద్దె అతనే కట్టాలని 19(6) కింద, పోలీసు సాయం కోసం 19(7) కింద, మీ స్త్రీధనం కోసం 19(8) కింద అడగవచ్చు.

హింస ఆపమని అతన్ని ఆదేశించే సెక్షన్ 18 రక్షణ ఉత్తర్వు కూడా తప్పకుండా కోరండి. సెక్షన్ 31లోని శిక్ష, అంటే ఏడాది వరకు జైలు లేదా 20,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ, రక్షణ ఉత్తర్వు మీరినవారికే అని రాసి ఉంది. పైన చెప్పిన సెక్షన్ 19 ఉత్తర్వు, అంటే నివాస ఉత్తర్వు ఒక్కటే చేతిలో ఉంటే అతను తలుపు తట్టిన రోజున దాని మీదే వాదన మొదలవుతుంది. తుది తీర్పు వరకు ఆగలేకపోతే సెక్షన్ 23 కింద, ఫారం 3 అఫిడవిట్‌తో, అవతలి పక్షం రాకుండానే మధ్యంతర ఉత్తర్వు అడగండి. ఒక పరిమితి ఉంది: ఇల్లు ఖాళీ చేయమనే ఉత్తర్వు స్త్రీల మీద ఇవ్వరు. అత్తగారో ఆడపడుచో అక్కడే ఉంటే (సి) క్లాజే దారి.

గాయాల ఫోటోలు, ఆసుపత్రి చీటీలు, బెదిరింపు మెసేజ్‌లు దాచండి. ఆ ఇంట్లో ఉన్నట్టు చూపే అద్దె చెల్లింపుల వివరాలు, గ్యాస్ బిల్లు, ఆధార్ కూడా కావాలి. అతనికి తెలియని ఈమెయిల్‌లో ఒక కాపీ పెట్టండి. మీ ఫోన్ లొకేషన్ అతనికి కనిపిస్తోందేమో చూసుకోండి.

ఆర్డరు కాపీలు కోర్టు ఉచితంగా ఇస్తుంది. ఒకటి స్టేషన్‌లో అందిందో లేదో కనుక్కోండి, ఒకటి ఓనరుకివ్వండి. తాళం ఆర్డరు తర్వాతే, ఓనరుకు చెప్పి మార్చండి. అంతకుముందు మారిస్తే అతనూ అద్దెదారే కాబట్టి అదే మీ మీద ఫిర్యాదు అవుతుంది.

ఇక అగ్రిమెంటు. అతను ఒప్పుకుంటే, పైన చెప్పిన (ఇ) ఉత్తర్వు ఉంటే మేజిస్ట్రేట్ అనుమతి తీసుకుని, ముగ్గురి సంతకాలతో ఒక కాగితం రాయించండి: ఏ తేదీ నుంచి అతని బాధ్యత ముగిసింది, అప్పటివరకు బాకీ ఎంత, అడ్వాన్సులో ఎవరి వాటా ఎంత. పాతదాని మీద పేరు కొట్టేయడం కంటే మీ ఒక్కరి పేరుతో కొత్త అగ్రిమెంటు మేలు. సంతకం పెట్టనంటే, పదకొండు నెలల గడువు ముగిసేవరకు ఆర్డరు బలంతో అక్కడే ఉండి, ఆ తర్వాత మీ పేరుతో కొత్తది రాయించుకోవడం తేలిక దారి. ఈలోగా అడ్వాన్సు ఎవరికీ ఒంటరిగా తిరిగి ఇవ్వనని ఓనరు చేత రాయించుకోండి.

అద్దె మాత్రం ఆపకండి. ఇద్దరూ సంతకం పెట్టిన అగ్రిమెంటులో ఓనరు మొత్తం బాకీ మీ ఒక్కరినే అడగవచ్చు. అద్దె బ్యాంకు ద్వారానే కట్టండి, అతను కట్టాల్సిన వాటా కోర్టులో రాబట్టుకోవచ్చు. అగ్రిమెంటు అతనొక్కడి పేరు మీదే ఉండి ఓనరు ఖాళీ చేయించే దావా వేసినా మీకు నోరు లేకుండా పోదు: భర్త వదిలేసి వెళ్లిన ఇంట్లో ఉంటున్న భార్య ఆ దావాలో తన వాదన వినిపించవచ్చని 2005లో అచలా ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.