పాదులో రాలిన ఆకులు తగలబెట్టకండి

ఎండుటాకులు, వేరుశనగ పొట్టు, వరిగడ్డి... ఏది దొరికితే అది చెట్టు పాదులో 3-4 అంగుళాల మందాన పరవండి. ముందు నీళ్లు పెట్టి, నేల తడిగా ఉన్నప్పుడే పరవాలి. పొడినేల మీద వేస్తే చిన్న జల్లు పడినా గడ్డే తాగేస్తుంది. మొదలుకు మాత్రం జానెడు దూరం వదలండి, చాలామంది మర్చిపోయేది ఇదే. తడి గడ్డి బెరడుకు ఆనుకుని ఉంటే నిమ్మ, బత్తాయి చెట్లకు బంక తెగులు (బెరడు పగిలి జిగురు కారే జబ్బు) వచ్చే ప్రమాదం. ఎండు గడ్డి అయితే చెదల టెన్షన్. పచ్చి రంపపు పొట్టును మట్టిలో కలపకండి; కుళ్లేటప్పుడు నేలలోని నత్రజనిని లాగేసుకుంటుంది, ఆకులు పసుపెక్కుతాయి. పైన పరిస్తే అంత ఇబ్బంది లేదు. గింజ కట్టిన కలుపు మొక్కలు వేశారో, విత్తనం మీరే చల్లినట్టు! ఏడాది తిరిగేసరికి చాలావరకు చివికి మట్టిలో కలిసిపోతుంది, అప్పుడు మళ్లీ పరవండి.