పాత మిలిటరీ లారీకి అదనపు లైట్లు, రివర్స్ లైట్లు: వైరింగ్ పని పద్ధతిగా

వేలంలో కొన్న పాత శక్తిమానో, స్టాలియనో తెచ్చి ముత్తుకూరు వైపు రొయ్యల చెరువు గట్టు మీద మేత బస్తాలు దించాలన్నా, చీమకుర్తి క్వారీ దారిలో రాత్రిపూట వెనక్కి తీయాలన్నా దానికున్న లైట్లు చాలవు. అవి ఆ పనికి పెట్టినవి కావు. కాన్వాయ్ చీకట్లో శత్రువు కంటపడకుండా సాగాలి గనక ముందు లైటుకు ముసుగు, వెనక ఇరుసు మధ్యలో తెల్లరంగు పూసిన గేర్ల డబ్బా (డిఫరెన్షియల్) మీద పడే చిన్న దీపం ఉంటాయి. వెనక వచ్చే డ్రైవరుకు ఆ తెల్ల మచ్చే గుర్తు. మనకు కావాల్సింది దానికి పూర్తిగా ఎదురు: గట్టు అంచు, చక్రం, వెనక నిలబడ్డ మనిషి స్పష్టంగా కనిపించాలి.

లైట్లు కొనే ముందు మల్టీమీటరు పట్టుకోండి. ఈ తరగతి బళ్లలో ఎక్కువ వాటికి 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరసగా కలిపి 24 వోల్టులు ఇస్తాయి. కానీ చేతులు మారిన బండిలో ఎవరేం మార్చారో చూస్తే గాని తెలియదు. ఇంజను ఆపి ఒకసారి, ఆన్ చేసి కాస్త రేజ్ ఇచ్చి ఒకసారి కొలవండి. ఆపినప్పుడు 25 దగ్గర, నడిచేటప్పుడు 27 నుంచి 28.5 మధ్య ఉంటే చార్జింగ్ బాగున్నట్టు. 29 దాటి పోతుంటే ముందు రెగ్యులేటర్ బాగుచేయించండి, లేకపోతే కొత్త ఎల్ఈడీలు ఎక్కువ కాలం నిలవవు.

చేతిలో 12 వోల్టుల లైట్లు ఉన్నాయని ఒక్క బ్యాటరీ మీంచి వైరు లాగే అలవాటు చాలామందికి ఉంది. దయచేసి వద్దు. ఆ బ్యాటరీ ఎప్పుడూ తక్కువ చార్జింగులో ఉంటుంది, పక్కది ఎక్కువ చార్జింగుతో ఉడుకుతుంది. చివరికి రెండూ పాడవుతాయి. 10 నుంచి 30 వోల్టుల వరకు పనిచేసేవని ముద్ర ఉన్న ఎల్ఈడీ వర్క్ లైట్లు తీసుకుంటే ఈ తలనొప్పే లేదు.

ఇక అసలు మాట. పాత వైరింగు మీద, పాత తిరుగుడు స్విచ్చి మీద కొత్త లైట్ల భారం వేయకండి. లోపల రబ్బరు తొడుగు పొడిపొడిగా రాలుతుంటుంది. పైగా చాలా మిలిటరీ బళ్లలో స్విచ్చి, దీపాలు శత్రువుకు కనబడకుండా ఆపే బ్లాకౌట్‌లో ఉంటే మామూలు బ్రేకు లైటు కూడా వెలగదు. దాని మీంచి కరెంటు తీసుకున్న రివర్స్ లైటు కూడా ఒక్కోసారి వెలిగి ఒక్కోసారి వెలగక ఏడిపిస్తుంది. కొత్త లైట్లకు బ్యాటరీ నుంచి సొంత లైను, సొంత ఫ్యూజు, సొంత రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి) ఉండాలి.

ముందు రెండు 36 వాట్లవి, వెనక రెండు 18 వాట్లవి, పక్కలకు రెండు 18 వాట్లవి పెడుతున్నామనుకుందాం. వెనక, పక్క కలిపి 72 వాట్లు, అంటే 24 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు. ముందు జత కూడా అంతే. సామాన్లు ఇవి: 24 వోల్టుల నాలుగు పిన్నుల రిలేలు రెండు, స్పేర్‌గా ఒకటి. మెయిన్ లైనుకు 4 చదరపు మి.మీ. వైరు, లైట్లకు 2.5, రిలే కాయిల్ లైనుకు 0.75. మెయిన్ ఫ్యూజు 15 ఆంపియర్లది, ఒక్కో రిలేకు 7.5 ఆంపియర్లది. నాసిరకం పిన్నులు కాకుండా వైరు చివర బిగించే మంచి రాగి లగ్గులు, వేడికి బిగుసుకునే జిగురున్న హీట్ ష్రింక్ స్లీవులు, ముడతల గొట్టం. కృష్ణపట్నం, మైపాడు, కొత్తపట్నం లాంటి ఉప్పుగాలి తగిలే చోట తిరిగే బండైతే తగరం పూత ఉన్న రాగి వైరే కొనండి. మామూలు రాగి స్లీవు కిందే నల్లబడి, ఆకుపచ్చ చిలుం పట్టి, వెలుగు తగ్గిపోతుంది.

వైరు మందం ఎందుకంటారా? వెనక దాకా 9 మీటర్లు అనుకుంటే పోనూ రానూ 18 మీటర్లు. 70 వాట్ల హాలోజన్లు రెండు 1 చదరపు మి.మీ. వైరుతో వెలిగిస్తే దారిలోనే 1.8 వోల్టులు పోతాయి, వెలుగులో దాదాపు పావు వంతు తగ్గుతుంది. 2.5 వైరులో ఈ నష్టం 0.7 వోల్టు. ఎల్ఈడీకి వెలుగు అంతగా తగ్గదు గాని, గతుకుల్లో సన్న వైరు లగ్గు దగ్గర తెగుతుంది.

బిగింపు వరస: బ్యాటరీ మైనస్ ముందు ఊడదీయండి. బండికి మెయిన్ కటాఫ్ స్విచ్చి ఉంటే దాని తర్వాత నుంచే ప్లస్ తీసుకోండి. అది ఆపితే అన్నీ ఆగిపోవాలి. అక్కడి నుంచి ఒక జాన లోపు మెయిన్ ఫ్యూజు. ఫ్యూజుకు ముందున్న వైరు చాసిస్‌కు రాసుకుంటే ఆపేది ఏదీ ఉండదు, మంటే. రిలే పిన్నుల దగ్గర అంకెలు ఉంటాయి: 30కి ఫ్యూజు నుంచి వచ్చే ప్లస్, 87 నుంచి లైటుకు, 85 ఎర్త్‌కు, 86కి స్విచ్చి. ఐదు పిన్నుల రిలే దొరికితే 87ఎ ముట్టుకోకండి, దానికి కలిపితే లైటు స్విచ్చి ఆపినప్పుడు వెలుగుతుంది. సోల్డరింగు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. సీసం ఆగిన చోట వైరు బిరుసై, అదురుకి అక్కడే విరుగుతుంది. సరైన ప్లయరుతో క్రింప్ చేసి స్లీవు వేయండి.

రివర్స్ స్విచ్చి దగ్గరే పని చిక్కు. కొన్ని గేర్ బాక్సుల మీద రివర్స్ స్విచ్చికి మరలు తీసిన రంధ్రం బోల్టుతో మూసి ఉంటుంది. విప్పి మరల కొలత చూసుకుని స్విచ్చి వేయొచ్చు, రాగి వాషరు మరిచిపోతే ఆయిలు కారుతుంది. అది లేకపోతే గేర్ రాడ్ రివర్సులోకి వచ్చిన చోట చిన్న బ్రాకెట్ కొట్టి, నొక్కితే కలిసే ప్లంజర్ స్విచ్చి పెట్టండి. గేరు పూర్తిగా పడ్డాక మరో రెండు మి.మీ. నొక్కుడు మిగలాలి, లేకపోతే మౌంటింగులు అరిగేకొద్దీ కలవడం మానేస్తుంది.

నిలబెట్టి సరుకు దించేటప్పుడు కూడా వెనక లైట్లు కావాలంటే డాష్‌బోర్డులో వేరే స్విచ్చి పెట్టి అదే 86కి కలపండి. రివర్స్ హారన్ కూడా ఉంటే దాన్ని గేరు స్విచ్చి వైపు కలిపి, అక్కడి నుంచి 86కి మధ్యలో కరెంటును ఒకవైపే పోనిచ్చే 1ఎన్4007 డయోడు పెట్టాలి, దాని మీది గీత రిలే వైపు. అది లేకపోతే సరుకు దించుతున్నంతసేపూ హారన్ మోగుతూనే ఉంటుంది.

లైట్ల చోటు విషయంలో ఒక గట్టి అభిప్రాయం: గట్టు మీద తిరిగే బండికి వెనక లైట్ల కన్నా పక్క లైట్లే ముఖ్యం. క్యాబిన్ వెనక బాడీ కింద బిగించి, వెనక చక్రం, దాని పక్క నేల మీద వెలుగు పడేలా తిప్పండి. అప్పుడు అద్దంలో గట్టు అంచుకూ టైరుకూ మధ్య ఎంత ఉందో డ్రైవరుకు కనిపిస్తుంది. వెనకవి వెడల్పు కాంతివి కావాలి, దూరానికి పోయే సన్న కాంతివి కాదు. చాసిస్ చివర్న ఎక్కించి బాగా కిందికి వంచండి, వెలుగు బంపరుకు రెండు మీటర్ల అవతల మొదలవ్వాలి. వెనక తలుపు మీద పెడితే తెరిచిన మొదటి రోజే పగులుతుంది. క్వారీ దుమ్ములో నీలి తెలుపు కాంతి తిరిగి కళ్లలోకే కొడుతుంది, కాస్త పసుపు వైపున్న 4000 కెల్విన్ లోపువి మేలు.

ఎర్త్‌కు చాసిస్‌ను నమ్మకండి. సైన్యం రంగు పొర మీద పొర వేసి ఉంటుంది, కింద తుప్పు. ప్రతి లైటుకూ మైనస్ వైరు కూడా వెనక్కి తెచ్చి ఒక్కచోట కలిపి బ్యాటరీ మైనస్‌కు ఇవ్వండి. రివర్స్ వేస్తే బ్రేకు లైట్లు మసకబారుతున్నాయంటే పాత ఎర్త్‌ను రెండూ పంచుకుంటున్నట్టే.

రోడ్డు మీద ఇంకో లెక్క. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 111వ నియమం ప్రకారం ముందు స్పాట్ లైటు, సెర్చ్ లైటు అనుమతి లేకుండా పెట్టకూడదు. ముందు లైటు కాంతి 8 మీటర్ల దూరంలో 1.5 మీటర్ల ఎత్తున ఉన్న కంటిని కొట్టకూడదని 106వది చెబుతుంది. కాబట్టి 16వ నంబరు హైవే ఎక్కేలోపే ముందు వైపు జతను ఆపి, మూతలు తొడగండి. వెనక తెల్ల లైటు రోడ్డు మీద రివర్స్ గేరులో తప్ప వెలగకూడదు. అందుకే డాష్‌బోర్డు స్విచ్చికి ఎర్ర సూచిక దీపం తప్పనిసరి.

అన్నీ అయ్యాక లైట్లు వెలిగించి కొలవండి: బ్యాటరీ ప్లస్‌కూ లైటు ప్లస్‌కూ మధ్య అర వోల్టు లోపు, మైనస్‌ల మధ్య కూడా అంతే రావాలి. ఎక్కువ వస్తే లైను వెంట ఒక్కో అతుకూ కొలుస్తూ పోండి, ఎక్కడ అంకె ఎగిరిందో అక్కడే లోపం.

ఐపీ 67 (నీరు, దుమ్ము చొరబడవని చెప్పే ముద్ర) ఉన్న లైటు నీళ్లలో మునిగినా తట్టుకుంటుంది గాని వాటర్ సర్వీసింగు గన్ను దగ్గరగా కొడితే నీరు పడుతుంది. గన్ను వాడకం తప్పదంటే 69కె ముద్రవి కొనండి. బాడీకి వెల్డింగు పెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీసి, లైట్ల సాకెట్లూ ఊడదీసి, వెల్డింగు ఎర్త్ క్లాంపును అతికే చోటికి దగ్గర్లోనే పట్టించండి. ఇంజను ఆన్‌లో ఉండగా బ్యాటరీ కేబులు ఊడదీయడం కూడా ఎల్ఈడీలను అంతే వేగంగా చంపుతుంది. అక్టోబరులో వానలు పట్టక ముందే లగ్గులన్నీ ఒకసారి బిగించి వ్యాజిలిన్ రాయండి, క్యాబిన్‌లో ఐదారు 7.5 ఫ్యూజులు ఉంచండి.