బాతులకు నీళ్లు లోతుగా, పడక పొడిగా

పెరట్లో నాలుగు బాతులే ఉన్నా సరే, కోళ్లకు పెట్టినట్టు చిప్పలో నీళ్లు పోసి ఊరుకోకండి. బాతు తల మొత్తం ముంచి కళ్లు, ముక్కు రంధ్రాలు కడుక్కోవాలి. లేకపోతే కళ్ల చుట్టూ పుసి కట్టి రెప్పలు అంటుకుపోతాయి. చెరువే అక్కర్లేదు, జానెడు లోతున్న పాత ప్లాస్టిక్ టబ్బు చాలు. పిల్లలుంటే లోపల ఒక ఇటుక వేయండి, ఎక్కి బయటకు రాగలుగుతాయి. మేత పక్కన కూడా నీళ్లుండాలి, పొడి తవుడు గొంతుకు అడ్డం పడుతుంది.

ఆ టబ్బు మాత్రం గూడుకు దూరంగా ఉంచండి. గూట్లో వరి ఊక మందంగా పరిచి, చేత్తో పట్టుకుంటే తడి తగిలిన చోట తీసేసి కొత్తది వేయండి.

వానాకాలంలో నాకు అన్నిటికన్నా టెన్షన్ మేత గురించే. బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ చెక్క అస్సలు పెట్టకండి. అందులోని అఫ్లాటాక్సిన్ విషాన్ని కోళ్లకంటే బాతులు చాలా తక్కువగా తట్టుకుంటాయి, లివర్ పాడవుతుంది. ఎండబెట్టినా, ఉడకబెట్టినా ఆ విషం పోదు. పారేయడమే.

చీకటి పడకముందే గూట్లోకి తోలి తలుపు గడియ వేయండి. కుక్కలు, ముంగిసలు, జంగుపిల్లులు వదలవు. పొద్దున తొమ్మిదింటికి వదిలితే గుడ్లు కూడా గూట్లోనే దొరుకుతాయి. పట్టుకోవాల్సి వస్తే కాళ్లు పట్టి లాగకండి, చాలా సున్నితం. రెక్కల మీదుగా రెండు చేతులతో ఒంటిని పట్టి ఎత్తండి.