బూట్ కాని పెన్‌డ్రైవ్‌లు: నా అనుభవం

మా మండలంలోని బడుల కోసం డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలుగు ఫాంట్లు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు (భారతీయ భాషల ప్రామాణిక కీ అమరిక) చేర్చి, నెట్ ఉన్నవారికి డౌన్‌లోడ్ లంకెను, లేనివారికి పెన్‌డ్రైవ్‌లను ఇచ్చాను. డౌన్‌లోడ్ చేసుకున్నవారు షా-256 విలువను (ఫైలు చెడకుండా వచ్చిందో లేదో తేల్చే సంకేతం) సరిచూసుకున్నారు కనుక వారికి చిక్కు రాలేదు. పెన్‌డ్రైవ్‌లు మాత్రం ఒక్క బడిలోనూ బూట్ కాలేదు, అంటే వాటితో కంప్యూటర్ మొదలు కాలేదు. పిల్లలు ఎదురుచూస్తూ కూర్చున్నారని విని చాలా బాధపడ్డాను.

తప్పు నాదే: నేను ఐఎస్ఓలోని (సిస్టమ్ మొత్తం ఉన్న ఒకే ఫైలు) ఫైళ్లను ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్‌లోకి కాపీ చేశాను. ఫ్యాట్32లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు కనుక, అంతకు మించిన స్క్వాష్‌ఎఫ్ఎస్ ఫైలు (సిస్టమ్‌ను కుదించి ఉంచినది) అందులో ఇమడలేదు, ఆ లోపాన్ని నా స్క్రిప్టు పట్టించుకోకుండా ముందుకు సాగింది.

తరువాత ఐఎస్ఓను డీడీ అనే ఆదేశంతో ఉన్నదున్నట్టు నేరుగా డ్రైవ్‌పై రాసి, సింక్ (మెమరీలోని డేటాను డ్రైవ్‌పైకి పూర్తిగా చేర్చడం) ముగిశాక డ్రైవ్‌ను తీసి మళ్లీ పెట్టి (లేకుంటే మెమరీలో మిగిలిన ప్రతినే చదివే ప్రమాదం ఉంది), ఐఎస్ఓ పరిమాణం మేరకే సీఎంపీతో (రెండింటిని బైటు బైటుగా పోల్చే ఆదేశం) పోల్చాను. డ్రైవ్ మొత్తానికి షా-256 లెక్కిస్తే, ఐఎస్ఓ తరువాత మిగిలిన భాగం వల్ల విలువ కలవదు.