ఆసుపత్రి సిజేరియన్ శాతాన్ని ఎలా చదవాలి, ఆపరేషన్‌కు చెప్పే కారణాన్ని ఎలా అడగాలి

కాన్పుకు ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు అక్కడ సిజేరియన్లు ఎంత శాతం జరుగుతాయో అడిగి తెలుసుకోవడం ఎంతో అవసరం. అయితే జవాబుగా వచ్చే ఆ ఒక్క అంకెను పట్టుకుని ఆసుపత్రి మంచిచెడ్డలు తేల్చకూడదు. కవల గర్భాలు, అదుపులోకి రాని రక్తపోటు, మాయ కిందికి ఉన్న గర్భాలు ఇతర ఆసుపత్రుల నుంచి వచ్చి చేరే చోట ఆపరేషన్లు ఎక్కువగా ఉండటం సహజం. ఏ ఇబ్బందీ లేని గర్భిణులనే చేర్చుకునే చోట అంతకంటే తక్కువ శాతం కూడా ఎక్కువే కావచ్చు.

తరచూ వినిపించే 10 నుంచి 15 శాతం అనే హద్దు 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సమావేశం నుంచి వచ్చింది. 2015లో ఆ సంస్థ దాన్ని మళ్లీ పరిశీలించి, జనాభా మొత్తం మీద సిజేరియన్లు 10 శాతం వరకు పెరిగేకొద్దీ తల్లీబిడ్డల మరణాలు తగ్గుతున్నాయనీ, ఆపైన పెరిగినందువల్ల మరణాలు తగ్గుతున్నట్టు కనిపించడం లేదనీ తెలిపింది. ఇది జనాభాకు సంబంధించిన లెక్క. ఒక ఆసుపత్రికి దీన్ని కొలబద్దగా పెట్టకూడదు. 2021లో అదే సంస్థ ప్రపంచవ్యాప్తంగా 21 శాతం కాన్పులు సిజేరియన్‌తో జరుగుతున్నాయనీ, 2030 నాటికి అది 29 శాతానికి చేరవచ్చనీ అంచనా వేసింది. ఈ సగటు వెనుక అవసరం లేని ఆపరేషన్లూ ఉన్నాయి, అవసరమైనా ఆపరేషన్ అందని తల్లులూ ఉన్నారు.

ఆసుపత్రులను న్యాయంగా పోల్చడానికి 2001లో ప్రసూతి వైద్యుడు మైకేల్ రాబ్సన్ ప్రతిపాదించిన పది వర్గాల పద్ధతి ఉంది. తొలిచూలా మలిచూలా, గతంలో సిజేరియన్ అయిందా, బిడ్డ ఒకటేనా, తల కిందికి ఉందా, 37 వారాలు నిండాయా, నొప్పులు వాటంతట అవే మొదలయ్యాయా అనే అంశాలను బట్టి ప్రతి కాన్పూ వీటిలో ఏదో ఒక వర్గంలోకి వస్తుంది. కాబట్టి మొత్తం శాతం అడగడంతో ఆగకుండా, తొలిచూలు, నెలలు నిండి, ఒకే బిడ్డ తల కిందికి ఉండి, నొప్పులు తామే వచ్చిన వారిలో ఎంతమందికి ఆపరేషన్ అయిందని అడగాలి. ఇది మొదటి వర్గం. ఇందులో 10 శాతం లోపు సాధ్యమేనని ఈ పద్ధతిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన మార్గదర్శి చెబుతుంది. దీనితోపాటు, నొప్పులు రాకముందే ఆపరేషన్ చేసిన తొలిచూలు వారు ఎంతమందో కూడా అడగడం మంచిది. నొప్పులకు ముందే ఎక్కువమందిని ఆపరేషన్‌కు తీసుకువెళ్తే మొదటి వర్గం శాతం తక్కువగా కనిపిస్తుంది గాని, ఆసుపత్రి పద్ధతి మెరుగైనట్టు కాదు.

ఇక కారణాల విషయానికి వస్తే, కొన్నింటిలో ప్రశ్నలకు సమయం ఉండదు. బొడ్డుతాడు బిడ్డ కంటే ముందు బయటికి జారడం, మాయ ముందే విడిపోయి తీవ్రంగా రక్తస్రావం కావడం, గర్భసంచి చిట్లడం వంటివి నిమిషాల మీద నిర్ణయించవలసినవి. మాయ గర్భాశయ ముఖద్వారాన్ని కప్పివేసినా, నొప్పులు వచ్చాక కూడా బిడ్డ అడ్డంగానే ఉన్నా ఆపరేషన్ తప్పదు. ఇలాంటప్పుడు వెంటనే ఒప్పుకోవడమే తల్లీబిడ్డలకు రక్ష.

తరచి అడగవలసినవి వేరే ఉన్నాయి. వాటిలో మొదటిది, నొప్పులు సాగడం లేదన్న మాట. గర్భాశయ ముఖద్వారం ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుంది, ఎన్ని గంటలుగా మార్పు లేదు అని అడగాలి. 2014లో అమెరికా ప్రసూతి వైద్యుల సంఘాలు ఇచ్చిన సూచన ప్రకారం, 6 సెంటీమీటర్లు తెరుచుకుని ఉమ్మనీరు పోయిన తరువాత, బలమైన నొప్పులు ఉన్నా 4 గంటలపాటు, లేదా నొప్పులు తగినంతగా లేక మందు ఇస్తూ 6 గంటలపాటు మార్పు లేనప్పుడే ఆగిపోయినట్టు భావించాలి. తల్లీబిడ్డలు క్షేమంగా ఉంటే 3, 4 సెంటీమీటర్ల దగ్గరే ఈ తీర్పు ఇవ్వడం తొందరపాటు అవుతుంది.

రెండవది బిడ్డ గుండె చప్పుడు. నిరంతరం యంత్రంతో గమనించే పద్ధతిలో, మధ్యమధ్య విని చూసే పద్ధతి కంటే సిజేరియన్లు ఎక్కువవుతాయని పరిశోధనల సమీక్షలు తేల్చాయి. బిడ్డలకు మూర్ఛలు తగ్గాయి గాని మరణాలలో స్పష్టమైన తేడా కనబడలేదు. కనుక గుండె చప్పుడు మారిందంటే ఏ రకంగా మారింది, తల్లిని పక్కకు తిప్పి పడుకోబెడితే మెరుగుపడిందా, మళ్లీ ఎప్పుడు చూస్తారు అని అడగవచ్చు. వైద్యులు అత్యవసరమంటే మాత్రం ప్రశ్నలు అక్కడితో ఆపాలి.

పేగు, అంటే బొడ్డుతాడు, బిడ్డ మెడకు చుట్టుకుందన్న మాట కుటుంబాన్ని ఎంతో భయపెడుతుంది. నిజానికి సుమారు నాలుగు కాన్పుల్లో ఒకదానిలో ఇది కనిపిస్తుంది, అలాంటి బిడ్డల్లో ఎక్కువమంది మామూలుగానే పుడతారు. స్కానింగ్‌లో కనిపించినంత మాత్రాన అది ఆపరేషన్‌కు కారణం కాదు. బిడ్డ పెద్దదన్నప్పుడు అంచనా బరువు ఎంతో అడగాలి. స్కానింగ్ బరువులో 10 శాతానికి పైగా తేడా రావడం అరుదు కాదు. మధుమేహం లేని తల్లికి 5 కిలోలు, ఉన్న తల్లికి 4.5 కిలోలు దాటుతుందనుకున్నప్పుడే ముందస్తు సిజేరియన్ ఆలోచించాలని పైన చెప్పిన సంఘాల సూచన. ఎదురుకాళ్ల బిడ్డ అయితే, పొట్ట మీద నుంచి చేతులతో తిప్పే ప్రయత్నం ఇక్కడ చేస్తారా అని 36వ వారం నాటికే అడగాలి. అది దాదాపు సగం మందిలో ఫలిస్తుంది.

తొలి ఆపరేషన్ గురించి ఇంత పట్టుదలగా అడగమనడానికి కారణం, దాని ప్రభావం తరువాతి కాన్పుల మీద ఉండటమే. కోతలు పెరిగేకొద్దీ మాయ పాత మచ్చలోకి నాటుకుపోయే ప్రమాదం పెరుగుతుంది. అయినా ఒకసారి సిజేరియన్ అయితే ఎప్పుడూ అదేననడం సరికాదు: గర్భసంచి కింది భాగంలో ఒకే అడ్డకోత ఉండి, సహజ కాన్పుకు ప్రయత్నించిన వారిలో 60 నుంచి 80 శాతం మంది సఫలమవుతారు. మచ్చ చిట్లే ప్రమాదం 1 శాతం లోపే అయినా, అది జరిగితే తీవ్రమైనది కనుక వెంటనే ఆపరేషన్ చేయగల చోటే ఆ ప్రయత్నం చేయాలి.

ముందే తేదీ నిర్ణయించి చేసే ఆపరేషన్‌ను, వైద్యపరమైన అవసరం లేకుండా 39 వారాలకు ముందు ఒప్పుకోవద్దు; అంతకు ముందు పుట్టిన బిడ్డలకు శ్వాస ఇబ్బందులు ఎక్కువ. నొప్పుల సమయమంతా తల్లి పక్కన ఒకరిని ఉండనిస్తారా అన్నది కూడా ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడే అడగాలి, ఎందుకంటే ఆ తోడు వల్ల సిజేరియన్లు తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది.

ఆపరేషన్ జరిగితే, ఇంటికి వెళ్లే ముందు ఇచ్చే కాగితంలో దానికి కారణం, అప్పటికి ముఖద్వారం ఎంత తెరుచుకుంది, గర్భసంచి మీద కోత అడ్డంగా పెట్టారా నిలువుగా పెట్టారా అన్నవి స్పష్టంగా రాయించుకోవాలి. పొట్ట మీది మచ్చను చూసి లోపలి కోత ఎలా ఉందో చెప్పలేరు. తరువాతి కాన్పును చూసే వైద్యులకు ఆ కాగితమే ఆధారం.